రేకుకీ పొరకీ మధ్య

“అంటే మా ఆయన అబద్ధం చెబుతున్నాడనేగా బావగారి ఉద్దేశం?”

చిన్నకోడలి గొంతు వీధి చివరిదాకా వినిపించేలా ఉంది. అత్తగారు లేచి వెళ్ళి కిటికీ తలుపులు మూశారు. ఇంట్లో గొడవ మొదలైతే ముందు కిటికీలు మూయడం, తర్వాత టీ పెట్టడం ఆవిడ పద్ధతి. ఇవాళ టీ సంగతి మర్చిపోయారు.

“నేనలా అన్నానా?” అంది పెద్దకోడలు.

“మీరనలేదండీ. మీ ఆయన రాశారు. ఆపరేటరు కాలికి ఎర్త్ పట్టీ లేదని సొంత అన్నయ్యే రాసిచ్చాక కంపెనీకి ఇంకో సాక్షి ఎందుకు?”

చిన్నకోడలు మామూలుగా తోడికోడల్ని ‘అక్కా, నువ్వు’ అంటుంది. కోపమొస్తే ‘మీరు, అండీ’ అని మర్యాదలోకి దిగుతుంది. ఆ మర్యాద కంటే నాలుగు తిట్లు తిట్టినా నయం అనిపిస్తుంది వినేవాళ్ళకి.

ఎవరి గురించి ఈ రభస జరుగుతోందో ఆ చిన్నకొడుకు మాత్రం కుర్చీలో తలొంచుకుని కూర్చున్నాడు. మోచేతుల దాకా కట్లు కట్టిన చేతుల్ని ఒళ్ళో దిండు మీద పెట్టుకుని, అవి ఇంకెవరివో అన్నట్టు చూస్తున్నాడు. ఫిల్ము ఫ్యాక్టరీలో జిగురు పూసే మిషను దగ్గర మంట లేచిన నాటినుంచీ అతను చెబుతున్నది ఒక్కటే మాట. పట్టీ వేసుకున్నాను. అడిగినా అదే, అడగకపోయినా అదే.

పట్టీ అంటే మరీ పెద్ద వస్తువేం కాదు. బూటుకి చుట్టుకునే నల్లటి పటకా ముక్క. ఒంట్లో పోగయ్యే చార్జిని నేలలోకి దింపుతుంది. అది లేకుండా మిషను దగ్గరికి వెళ్ళడం ఆ ఫ్యాక్టరీలో క్షమించే తప్పు కాదు. మంట ఆర్పి చూసేసరికి అతని పట్టీ మిషను పక్కన నేల మీద పడి ఉంది. షిఫ్టు ఇన్‌చార్జి అన్నయ్యే. చూశాడు, చూసింది రాశాడు. ఆ రిపోర్టు రాసిన నాటినుంచి పెద్దకోడలు మొగుడితో మాట్లాడటం లేదు.

ఇంకాసేపట్లో విచారణ ఆఫీసరు ఇంటికే వచ్చి వాంగ్మూలం తీసుకుంటానన్నాడు. ఆయన తేల్చాల్సింది ఒక్కటే. మంటకి కారణం ఎవరు? మిషనుకి అవతలి వైపు నిలబడ్డ ఇంకో ఆపరేటరు ఇంకా ఆసుపత్రి మంచం మీదే ఉన్నాడు. కాబట్టి ఎవరి తప్పని తేలితే వాళ్ళు ఆ మనిషి బాధని జీవితాంతం మోయాల్సిందే.

“జరిగిందేదో జరిగిపోయింది,” అన్నారు అత్తగారు. “అన్నదమ్ముల మధ్య గొడవలెందుకు? చేతులు కాలాక ఆకు…”

సగంలో నాలుక్కరుచుకున్నారు. ఆవిడకి సామెత లేనిదే మాట నడవదు. చిన్నకొడుకు దిండు మీది చేతుల్ని కాస్త దగ్గరికి లాక్కున్నాడు.

“మంట మరిది వల్ల రాలేదు,” అంది పెద్దకోడలు. “నేను లెక్క కట్టి చూశాను.”

గోడగడియారం కింద పడకకుర్చీలో కూర్చున్న మామగారు కళ్ళజోడు సవరించుకున్నారు. ఆయన అదే ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఏం చెప్పినా చివర ‘పక్కా’ అంటారు కాబట్టి అక్కడ ఆయన్ని పక్కాగారనే పిలిచేవాళ్ళు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలీదని చెప్పుకునేవారు.

“పక్కానా?” అన్నారాయన.

“పక్కా మామయ్యా.”

“అయితే అది ఆఫీసరుకి చెప్పు. శుభం. ఇంత గొడవెందుకు మరి?”

పెద్దకోడలు చేతిలోని కాగితం వైపు చూసుకుంది. ఆమె పనిచేసేది ప్లాస్టిక్ వస్తువుల్ని పరీక్షించే ల్యాబులో. ప్లాస్టిక్ మీద చార్జి ఎంత నిలుస్తుంది, ఎప్పుడు మెరుపై తెగుతుంది అన్నది చిన్న చిన్న సర్క్యూట్లుగా గీసి లెక్కకట్టడం ఆమె పని. మా కోడలు కాగితాల మీద పిడుగులు గీస్తుంది అని అత్తగారు పక్కింట్లో చెబుతుంటారు. ఇప్పుడా కాగితం ఆమె చేతిలోనే ఉంది. క్యాలెండరు నుంచి చింపిన పాత నెల. దాన్ని విప్పడానికే చెయ్యి రావడం లేదు.

ఆమె మరిది వైపు తిరిగింది.

“ఆ రోజు నీకు ముందు తెలిసింది ఏంటి? మంటా?”

“కాదు వదినా. దెబ్బ.” అతను మొదటిసారి తలెత్తాడు. “ఫిల్ములో ముడత పడింది, సరిచేద్దామని రెండు చేతులూ ముందుకి పెట్టాను. ఎవరో రోకలితో మోచేతుల మీద కొట్టినట్టయింది. వెనక్కి పడిపోయాను. పడ్డాకే మంట చూశాను.”

“ఇంకేమైనా చూశావా?”

“పడేముందు… బల్లంతా తెల్లగా అయింది. కొమ్మలు కొమ్మలుగా. ఎండిన చెట్టులాగా. రెప్పపాటే.”

“ఇది ఎవరికైనా చెప్పావా?”

“ఎవరూ అడగలేదు. అందరూ పట్టీ గురించే అడిగారు.”

“నిన్ను బయటికెలా తెచ్చారు?”

“కాళ్ళు పట్టుకుని ఈడ్చేశారు.”

చిన్నకోడలు మొగుడి పాదాల వైపు చూసింది. కాళ్ళు పట్టి ఈడిస్తే బూటుకున్న పట్టీ ఊడకుండా ఉంటుందా? అంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. అరుచుకోవడానికే సమయం చాలలేదు మరి.

“మనిషి ఒంట్లో పట్టే చార్జి ఎంత?” అంది పెద్దకోడలు. “చిన్న గ్లాసుడు. ముట్టుకుంటే చిటుక్కుమంటుంది, వేలు చురుక్కుమంటుంది. జిగురు ఆవిరి అంటుకోడానికి అదైనా చాలు, కాదనను. కానీ ఇంత మనిషిని ఎత్తి వెనక్కి పడెయ్యడానికి చాలదు. తనని పడేసింది తన ఒంట్లోది కాదు.”

“మరెక్కడిది?” అన్నారు అత్తగారు.

పెద్దకోడలు క్యాలెండరు కాగితం బల్ల మీద పరిచింది. ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది.

“మామయ్య వేసిన పొరలోది.”

మామగారు తలెత్తి గోడగడియారం వైపు చూశారు. ఆ గడియారం కూడా ఆ పొర పుణ్యమే. ఫ్యాక్టరీలో జిగురు మిషనుకి ఉన్న ఇనపరేకు బల్ల ముట్టుకుంటే పనివాళ్ళకి చురుక్కు చురుక్కుమనేది. గోల పడలేక పెద్దకొడుకు నాన్నని పిలిపించాడు. ఆయన బల్ల నిండా పల్చటి ప్లాస్టిక్ పొర అతికించారు, ఎక్కడా బుడగ లేకుండా, అంచులు కనబడకుండా. ఆ రోజుతో చురుకులు ఆగిపోయాయి. రిటైరైనా పక్కాగారు పక్కాగారే అని కంపెనీవాళ్ళు గడియారం బహుమతిగా ఇచ్చారు. రోజూ పొద్దున్నే దాన్ని తుడవడం ఆయన మొదటి పని.

“ఏమన్నావు?” అన్నారాయన.

“ఇటు చూడండి మామయ్యా. పైన పొర, కింద రేకు. ఫిల్ము పొర మీద రాసుకుంటూ పోతుంటే పొర మీద చార్జి పేరుకుంటుంది. దానికి ఎదురు చార్జి కింద రేకులోకి వచ్చి నిలబడుతుంది. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి. అందుకే ఎంత పోసినా పడుతుంది. పొర మీద ప్రతి జానెడు చోటూ ఒక గ్లాసనుకోండి. ఈ గీతలు గ్లాసులు. వాటిని కలిపే ఈ వంకర గీతలు సన్నటి గొట్టాలు. ప్లాస్టిక్ కదా, గొట్టంలోంచి ఏమీ పారదు. మొదట నేను ఇలాగే వేశాను. వేలు పెడితే వేలి కింద గ్లాసు ఒక్కటే ఖాళీ. చిన్న చిటుకు. ఈ లెక్క ప్రకారం తను పడకూడదు.”

“పడకూడదుగా!” అన్నారు మామగారు.

“కానీ పడ్డాడు. అయితే లెక్కన్నా తప్పవ్వాలి, తనన్నా అబద్ధం చెప్పాలి. నేను లెక్కనే అనుమానించాను. గొట్టాలు తీసేసి వాటి చోట స్విచ్చిలు పెట్టాను. పక్క గ్లాసుకీ దీనికీ తేడా మరీ ఎక్కువైతే స్విచ్చి దానంతటదే పడుతుంది. ఎందుకంటే మెరుపు పుట్టాక అదే తీగ అయిపోతుంది. మొదటి గ్లాసు ఖాళీ అవగానే రెండోది దాంట్లోకి, మూడోది రెండోదాంట్లోకి… బల్ల మొత్తం ఒక్క దెబ్బకి తన చేతుల్లోంచి దిగింది. పట్టీ ఉంది కాబట్టే అంత బాగా దిగింది. పట్టీ వేసుకున్నాడు తను.”

చిన్నకోడలు కూలబడినట్టు కూర్చుంది. మొగుడు నిజమే చెప్పాడన్న మాట ఈ ఇంట్లో ఇంకొకరి నోట వినడం ఆమెకి ఇదే మొదలు. సంతోషపడదామంటే ఎదురుగా మామగారి మొహం.

“కాగితం మీద గీతలు,” అన్నారాయన. “నేను పొర వేశాక ఒక్కడికి చురుకు లేదు. ఒక్కడికి! అడుగు, ఎవర్నైనా అడుగు.”

“చురుకులు ఆగాయి మామయ్యా. చార్జి ఆగలేదు. దిగే దారి లేక అక్కడే కూర్చుంది.”

“నాకు చెప్పొచ్చావా? నేను రేకు మీద నడిచి పెరిగినవాణ్ణి.”

“మామయ్యా…”

“నిన్నడిగే వేశాను!”

ఆ కేకకి అత్తగారు ఉలిక్కిపడ్డారు. పెద్దకోడలికి అర్థం కాలేదు.

“ఏం చూస్తావు? ఇక్కడే, ఈ హాల్లోనే. భోజనాల దగ్గర అడిగాను. అమ్మాయీ, రేకు మీద ప్లాస్టిక్ వేస్తే షాకు కొట్టదుగా అని. కొట్టదు మామయ్యా, ప్లాస్టిక్ కరెంటుని పోనివ్వదు అన్నావు. పెద్ద చదువు చదివిన కోడలు ఉంది, అడిగే చేశానని వాళ్ళందరికీ చెప్పాను. నీ మాట మీద చేశాను.”

పెద్దకోడలు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. భోజనాల దగ్గర ఆయన రోజుకి పది అడుగుతారు. ఫోను చూసుకుంటూ పదింటికీ ‘ఊఁ మామయ్యా’ అంటుంది. ఈ పదకొండోది ఎప్పుడడిగారో? తర్వాత గుర్తొచ్చింది. ఆ రోజు ల్యాబు నుంచి ఏదో మెసేజి వచ్చింది. ఆమె తల కూడా ఎత్తలేదు. తను చెప్పింది తప్పు కూడా కాదు. ప్లాస్టిక్ కరెంటుని పోనివ్వదు. పోనివ్వకపోవడం వల్లే ఇంత జరిగింది. రేకు ఎక్కడిది, ఏ మిషనుది, దాని మీద ఏం నడుస్తుంది అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

“తిలాపాపం తలా పిడికెడు,” అని గొణిగారు అత్తగారు. ఈసారి సామెతని సగంలో ఆపుకోలేదు.

“వదినా, వదిలెయ్,” అన్నాడు చిన్నకొడుకు.

“ఏం వదిలెయ్యాలి?”

“ఇదంతా. ఆఫీసరు వస్తే పట్టీ వేసుకోలేదని చెప్పేస్తాను. నాన్న పేరు ఎందుకు బయటికి? ఇంత వయసొచ్చి ఆయన ఆ ఫ్యాక్టరీ గేటు ముందు తలొంచుకుని నిలబడాలా? నావి ఎలాగూ కాలిన చేతులే.”

“నీకు మతి ఉందా?” చిన్నకోడలు లేచి నిలబడింది. “ఇన్నాళ్ళూ వేసుకున్నాను వేసుకున్నాను అని నా ప్రాణం తీసి, తీరా నిజమని తేలాక వేసుకోలేదంటావా? నీ తల్లిదండ్రుల మీద నీకు ప్రేముంటే కాళ్ళకి దణ్ణం పెట్టుకో. నిందలు నెత్తికెత్తుకోకు. రేపు ఆ ఆసుపత్రిలో ఉన్న మనిషి పెళ్ళాం వచ్చి నా మొహం మీద అడిగితే ఏం చెప్పను?”

“నువ్వు అరవకు.”

“అరుస్తాను! కిటికీలు మూశారుగా!”

మామగారు లేచి లోపలికి వెళ్ళబోయారు. పెద్దకోడలు అడ్డం వెళ్ళింది.

“ఒక్క నిమిషం మామయ్యా. నా గీతల్ని నమ్మొద్దు. మీ కళ్ళని నమ్మండి. ఆ పొరలో మిగిలిన ముక్క బీరువా వెనక ఉందిగా?”

ఆమే వెళ్ళి తెచ్చింది. పాత ట్రంకుపెట్టె మూత ఊడదీసింది. ఉన్ని మఫ్లరు, ఇనప గరిట, గిన్నెలు తోముకునే రబ్బరు తొడుగులు, చిన్నకోడలి పౌడరు డబ్బా అన్నీ చేర్చింది.

“ఇంట్లో ఇంకో మంట కావాలా?” అన్నారు అత్తగారు.

“ఇక్కడ జిగురు లేదత్తయ్యా. మీరు కూర్చోండి.”

మొదట పొర ముక్కని కర్రబల్ల మీద పరిచి మఫ్లరుతో రుద్దింది. గరిట కొన దగ్గరికి తెస్తే చిటుక్కుమంది. పైన పౌడరు చల్లి ఊదింది. గరిట పెట్టిన చోట చిన్న చుక్క మిగిలింది, రూపాయి బిళ్ళంత కూడా లేదు, గోరంత.

“ఇంతే. కింద రేకు లేదు కాబట్టి. ఇప్పుడు చూడండి.”

తుడిచిన ముక్కని ట్రంకుమూత మీద పరిచి, బుడగ లేకుండా అదిమింది. ఆ అదమడం మామగారిదే. ఆయన పనిచేస్తుంటే చూసి నేర్చుకున్నది. మళ్ళీ రుద్దింది. ఈసారి చాలాసేపు రుద్దింది. నుదుటి మీద చెమట పట్టింది. తొడుగులు వేసుకుని, గరిట మధ్యభాగం మూత అంచుకి ఆనించి, కొనని నెమ్మదిగా పొర మీదికి వంచింది.

ఠప్‌మన్న చప్పుడుకి అత్తగారు కెవ్వుమన్నారు. చిన్నకోడలు మొగుడి భుజం పట్టుకుంది.

పౌడరు చల్లి ఊదేసరికి పొర మీద ఒక చెట్టు లేచింది. గరిట కొన దగ్గర మొదలై, కొమ్మలుగా చీలి, కొమ్మలు రెమ్మలై, ముక్క చివర్ల దాకా పాకింది.

“అదే,” అన్నాడు చిన్నకొడుకు. “అదే వదినా. అదే చూశాను నేను.” వచ్చిన కన్నీళ్ళు తుడుచుకుందామంటే చేతులకి కట్లు. చిన్నకోడలు కొంగుతో తుడిచింది.

మామగారు వంగి ఆ చెట్టునే చూస్తున్నారు. ఒక కొమ్మ వెంట వేలు కదిపారు. వేలికి పౌడరు అంటింది. ఆయన ఎన్ని మిషన్లు విప్పి బిగించి ఉంటారు! లోపం కళ్ళకి కనబడితే కాదనడం ఆయనకి చేతకాదు. పెద్దకోడలికి ఆయన్ని చూస్తే ఏడుపొచ్చింది. గెలిచినట్టు అనిపించలేదు.

“అమ్మాయీ,” అన్నారాయన. “పొర మందంగా ఉంటే?”

“మందమంటే?”

“రెండు వరసలు. ఒకదాని మీద ఒకటి.”

ఆమె కాగితం వైపు చూసింది. పెదాలు కదిలాయి.

“నిండడానికి పట్టే టైము ఒకటే మామయ్యా. దెబ్బ మాత్రం రెట్టింపు. ఎందుకు?”

ఆయన పడకకుర్చీ చెయ్యి వెతుక్కుని కూర్చున్నారు.

“ఎందుకడుగుతున్నారండీ?” అన్నారు అత్తగారు.

“నిన్న పెద్దోడు ఫ్యాక్టరీ నుంచి ఫోను చేశాడు. పాత పొర మాడిపోయింది నాన్నా, మిషను మళ్ళీ నడపాలి, ఏం చెయ్యమంటావు అని. ఈసారి రెండు వరసలు వెయ్యి, పక్కాగా ఉంటుందన్నాను.”

“ఎప్పుడు నడుపుతున్నారు?” అంది పెద్దకోడలు.

ఆయనకి తెలీదు. తెలిసింది అత్తగారికి. ఆవిడ మొహంలో రక్తం లేదు.

“ఇవాళేనే. భోజనాల తర్వాత. పనివాళ్ళెవరూ ఆ బల్ల దగ్గరికి రావడం లేదటే. నేనే ముందు నిలబడి చెయ్యి పెట్టి చూపిస్తానమ్మా, అప్పుడు వాళ్ళే వస్తారన్నాడు పొద్దున.”

“నాతో చెప్పలేదే!”

“నువ్వు మాట్లాడితేగా, చెప్పడానికి!”

పెద్దకోడలు అప్పటికే ఫోను తీసింది. మోగుతోంది, మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఎత్తరు. జిగురు వాసన ఉండే చోటికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. గేటు దగ్గర అరలో పెట్టి తాళం వేస్తారు. ఆ సంగతి తెలిసీ ఆమె మళ్ళీ చేసింది. మళ్ళీ మోగింది. మాట్లాడకుండా గడిపిన రోజులన్నీ ఆ మోతలో వినబడుతున్నాయి ఆమెకి.

“అక్కా, షిఫ్టు ఆఫీసుకి చెయ్యి! అక్కడ టేబులు మీద ఫోనుంటుంది!” చిన్నకోడలు నోట మళ్ళీ అక్క వచ్చింది. బావగారి మీద కోపం ఎటుపోయిందో ఆమెకే తెలీదు.

“నంబరు?”

చిన్నకొడుక్కి తెలీదు. లోపలివాళ్ళు లోపలికి ఫోను చెయ్యరు కదా.

అప్పుడే గుమ్మం దగ్గర గంట మోగింది.

విచారణ ఆఫీసరు చేతిలో సంచీతో నిలబడి ఉన్నాడు. నెమ్మదస్తుడు. చెప్పులు విడుస్తూ నమస్కారం పెట్టాడు.

“కంగారేం లేదండీ. రెండు ప్రశ్నలు, అంతే. అబ్బాయి మాట్లాడగలడా?”

“అబ్బాయితో పని లేదు,” అన్నారు మామగారు. ఎప్పుడు లేచారో ఆయనకి ఎదురుగా నిలబడ్డారు. “ఆ బల్ల మీద పొర వేసింది నేను. దానివల్లే మంట. చిన్నోడు పట్టీ వేసుకున్నాడు. పెద్దోడికి తెలీదు. రాసుకోండి. కానీ ముందు షిఫ్టు ఆఫీసుకి ఫోను కొట్టి మిషను ఆపమనండి.”

ఆఫీసరు అందరి మొహాలూ చూశాడు. పౌడరు చల్లిన ట్రంకుమూతనీ చూశాడు.

“మీరు చెప్పేది పక్కానా?”

ఆ మాట ఆయన జీవితంలో ఎన్ని వందలసార్లు అన్నారో. ఇప్పుడు నోరు పెగల్లేదు. తల మాత్రం ఊపారు.

ఆఫీసరు నంబరు నొక్కాడు. అవతల మోగుతుంటే అలవాటు చొప్పున అడిగాడు, “పొర వెయ్యమని మీకు సలహా ఎవరిచ్చారు?”

“ఎవరూ ఇవ్వలేదు. నాకు తెలుసనుకున్నాను.”

“నేనిచ్చాను,” అంది పెద్దకోడలు.

మామగారు ఆమె వైపు తిరిగారు. ఏదో అనబోయేలోగా అవతల ఎవరో ఎత్తారు. ఆఫీసరు స్పీకరు నొక్కాడు. గుమాస్తా గొంతు. దాని వెనక సన్నగా, ఎడతెగకుండా మిషను చప్పుడు.

“ఇందాకే ఫిల్ము ఎక్కించారు సార్. మొదటి రోలు సగం దాటింది. ఇన్‌చార్జి సార్ బల్ల దగ్గరే ఉన్నారు. కూతలు పెడుతున్నారు సార్ అందరూ, సార్ చెయ్యి పెడతారని.”

“ఆ రోజు మంట లేచింది ఏ రోలు మీద?” అంది పెద్దకోడలు మరిదితో.

“మొదటిదే,” అన్నాడతను. “చివరికొస్తుండగా.”

మామగారు ఆఫీసరు చేతిలోంచి ఫోను లాక్కున్నారు.

“ఎవడ్రా అది? నేను పక్కాగార్ని! పరిగెత్తు! మిషను ఆపెయ్! పెద్దోణ్ణి చెయ్యి పెట్టొద్దను! మా నాన్న చెప్పాడను, పొర వేసింది తప్పని చెప్పాడను! పో!”

రిసీవరు టేబులు మీద పడేసిన చప్పుడు. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. దూరమవుతున్న బూట్లు. తర్వాత మిషను ఒక్కటే.

ఫోనుని ట్రంకుమూత పక్కన పెట్టి అందరూ చుట్టూ నిలబడ్డారు. చిన్నకోడలు పెద్దకోడలి చెయ్యి పట్టుకుంది. అత్తగారి నోట సామెత లేదు, దణ్ణం ఉంది. మిషను అలా తిరుగుతూనే ఉంది. ఆ చప్పుడు ఆగిపోతే బాగుండునని పెద్దకోడలు ఊపిరి బిగబట్టి వింటోంది. ఎలా ఆగుతుందో తలుచుకుంటే ఆగకపోతేనే బాగుండునని కూడా అనిపిస్తోంది.

అంతలో ఆ చప్పుడు ఆగిపోయింది.

గుమాస్తా సమయానికి అందుకుని ఆపాడో, ఆ రోజులాగే మంట లేచి ఆగిందో ఇక్కడ ఎవరికీ తెలియదు. “పెద్దోడా,” అన్నారు మామగారు ఫోను మీదికి వంగి. అవతల నుంచి ఎవరూ పలకలేదు.